పడుకోబెట్టిన ఓడ

ఓడల కంపెనీ అంటే సముద్రం పక్కనే ఉంటుందనుకుంటారు ఎవరైనా. మా వైపు వచ్చినదానికి సముద్రంతో పనే లేదు. షెడ్డు తాడేపల్లిగూడెం దాటాక హైవే పక్కన, ఆఫీసు ఏలూరులో. ఓడను ఒకే చోట కట్టరట. గూడెం షెడ్డులో ఇనప రేకులు అతికి, గదులు గదులుగా ముక్కలు తయారుచేసి, పొడవాటి లారీల మీద రేవుకు పంపుతారు. అక్కడ ఇంకెవరో వాటిని కలిపి నీళ్ళలోకి దింపుతారు. నేవీ వాళ్ళకు కావలసినవి, సరుకులు మోసేవి, మనుషులెక్కేవి, మూడు రకాలూ అమ్మే కంపెనీ అది. బేరానికొచ్చే పెద్దవాళ్ళు గూడెం ఎండలోకి వెళ్ళరు. ఏలూరు ఆఫీసులో చల్లటి గదిలో కూర్చుని మాట్లాడుకుని వెళ్ళిపోతారు. ఆ గది ఊడ్చి తుడిచే పని నాది.

పొద్దున్నే మా కొల్లేటి లంక నుంచి బస్సెక్కేదాన్ని. చీర మీద కంపెనీ వాళ్ళిచ్చిన నీలం కోటు, దాని మీద ఓడ గుర్తు. కండక్టరుకు అదొక ఆట.

"ఏం మామ్మా, గూడెంలో కట్టిన ఓడని ఎక్కడ దింపుతారంట? ఉల్లిపాయల మార్కెట్లోనా?"

"నీ నెత్తి మీద. ముందు టికెట్టియ్యి."

బస్సంతా నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. ఆ వయసులో చీపురు పట్టుకుని ఊరు దాటి వెళ్ళడం సరదా పడి కాదు. ఇంట్లో మా ఆయనకు పని లేక.

మా ఆయన దోనెలు తొలిచేవాడు. తాటిమాను తొలిచి చేసే దోనె, ఒక మనిషి నిలబడి గెడ వేసుకుంటూ పోయేది. మా అమ్మకు తమ్ముడు వరస కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆయన నాకు మావే, పెళ్ళయ్యాకా అదే పిలుపు. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ లంకలో దోనె కావాలన్నా మా గుమ్మంలోకే వచ్చేవారు. తర్వాత కొల్లేరు ముక్కలైంది. ఎటు చూసినా చేపల చెరువులు, గట్లు, గట్ల మీద మోటార్లు. చెరువులోకి దిగడానికి ఫైబరు పడవ చాలు, అది ఎండకు పగలదు, చెదలు పట్టదు. దోనె కావాలని అడిగేవాడు లేకుండా పోయాడు.

పని లేని చేతులతో మగాడు ఇంట్లో ఉంటే చూడటం కష్టం. బాగున్న మంచం కోళ్ళే విప్పి మళ్ళీ బిగించేవాడు. కత్తిపీటకు కొత్త చెక్క వేశాడు, అడగకుండానే పక్కింటివాళ్ళ కత్తిపీటకూ వేశాడు. కోపం వచ్చేది కాదు, తాగేవాడూ కాదు. సాయంత్రమయ్యేసరికి అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చునేవాడు, అంతే.

ఆఫీసులోకి ఒక రోజు పెద్ద అద్దాల పెట్టె వచ్చింది. లోపల పెట్టాల్సిన ఓడ బొమ్మ ఎక్కడి నుంచో లారీలో వస్తూ విరిగిపోయిందట. ఖాళీ పెట్టెను రోజూ తుడవమన్నారు.

"ఏమీ లేని పెట్టె తుడవడమెందుకండీ?" అన్నాను మేనేజరుగారితో.

ఆయన కుర్రవాడు, వేరే ఊరివాడు, మర్యాదస్తుడు. "మనుషులెక్కే ఓడ కొనడానికి ఒక పెద్ద పార్టీ వస్తోంది మామ్మగారూ. వాళ్ళకు చూపించడానికి ఓడ మొత్తం ఉన్నది మన దగ్గర ఒక్కటీ లేదు. బొమ్మయినా ఉండాలి కదా" అన్నాడు.

"మా ఆయన పడవలు చేత్తాడండి."

"నిజంగానా? రేపే రమ్మనండి."

మా ఆయనకు చెబితే ముందు నవ్వాడు. "ఇనప ఓడకి కర్రబొమ్మేంటే?" అన్నాడు. అయినా మర్నాడు ఉతికిన పంచె కట్టుకుని నాకంటే ముందు బస్సు దగ్గర ఉన్నాడు.

అసలు ఓడ ఎలా ఉంటుందో చూస్తే గానీ చెయ్యనన్నాడు. మేనేజరుగారు మా ఇద్దరినీ గూడెం పంపించాడు. షెడ్డు లోపల వేడి, నిప్పు రవ్వలు, చెవులు పగిలే మోత. ఇనప గదులు కొన్ని తలకిందులుగా, కొన్ని పక్కకు ఒరిగి ఉన్నాయి. మా ఆయన వాటి చుట్టూ తిరిగి తిరిగి సూపర్‌వైజరు దగ్గర ఆగాడు.

"ముక్కేదండీ?"

"ముక్కు పోయిన నెల్లోనే లారీ ఎక్కేసింది బాబాయ్."

"వెనక వైపు?"

"అది ఇంకా మొదలెట్టలేదు."

"మరి మీరంతా దేన్ని చూసి చేత్తన్నారండీ?"

"కాగితం చూసి. మా ముక్క కాగితం మాకుంటుంది, అంతే. నేనూ ఇన్నేళ్ళుగా చేస్తున్నాను గానీ, నీళ్ళలో ఉన్నదాన్ని టీవీలో చూడ్డమే."

తిరిగొస్తూ దెందులూరు దాటాం. అప్పుడు మా ఆయన, "ఇంతమంది కలిసి చేత్తన్నారు, ఒక్కడూ ఓడని చూళ్ళేదే" అన్నాడు. మొహంలో ఏదో వెలుగుంది. మొత్తం ఓడ చేసేవాడు తనొక్కడే అవుతాడని ఆయనకు తోచిందని నాకు అర్థమైంది. మేనేజరుగారు అప్పటికే మాటిచ్చాడు. ఈ పార్టీకి నచ్చితే నేవీ ఓడ, సరుకుల ఓడ కూడా ఆయనే చెయ్యాలి. ఆ తర్వాత ఊరూరా ఆఫీసులకు పంపడానికి ఇంకా కావాలట. "మీ చేతులు ఆడినన్నాళ్ళూ పని మీదే తాతగారూ" అన్నాడు.

టేకు తెప్పిస్తామంటే మా ఆయన వద్దన్నాడు. "టేకు నాకు తెలీదండి, తాడి తెలుసు." మంచి మాను చూసి కొట్టించి, ఇంటి ముందు పాక వేసి మొదలుపెట్టాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పాకలో బాడిస చప్పుడు వినపడేది. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉండేది. ఊళ్ళోవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడేవారు. పక్కింటామె ఆయనకు మరదలి వరస, ఊరికే ఉండదు.

"ఏం బావా, ఇందులో ఎవరెక్కుతారు? ఎలకలా?"

"నువ్వు మాత్రం ఎక్కకే. ముక్కు పైకి లేచిపోద్ది."

ఒక మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. ఆఫీసులో అందరూ దాన్ని బొమ్మ అనేవారు. నేనూ బొమ్మే అనేదాన్ని. మా ఆయన నోట ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. "ఓడ" అనేవాడు. "ఓడ కింద కొంచెం పలచబడాలి," "ఓడని ఇవాళ తిరగేత్తాను," ఇలా.

అడుగుభాగం పూర్తయ్యాక పై అంతస్తులూ కిటికీలూ పెట్టడానికి ఏలూరులో పెళ్ళి మంటపాలు అలంకరించే డెకరేషన్ అతన్ని పిలిపించారు. అతను అట్టలు కోసి, వెండి కాగితంతో కిటికీలు అంటించి, జిగురు పెట్టి, పైన తెల్లరంగు కొట్టాడు. మా ఆయన వేలితో తట్టి చూసి, "ఇది నిలుత్తాదా అబ్బాయ్?" అని అడిగాడు.

"వాటర్‌ప్రూఫ్ రంగు బాబాయ్. వానలో పెట్టినా దీనికేం కాదు."

అద్దాల పెట్టెలో పెట్టాక అందరూ ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. నల్లటి తాటికర్ర మీద పసుపు చారలు, పైన తెల్లటి మేడలు. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. మనిషి కొంచెం పొడవైనట్టు అనిపించాడు నాకు.

పార్టీ ఎండలు రాకముందే వస్తామన్నది రాలేదు. వాయిదా మీద వాయిదా పడింది. రోహిణి కార్తె వచ్చింది. ఆఫీసులో ఏసీ చెడిపోయింది, బాగుచేసేవాడు రేపు మాపంటున్నాడు. ఆ గదికి పడమటి కిటికీ, మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా అద్దాల పెట్టె మీదే. నేను తుడుస్తుండగా లోపల నుంచి టిక్కుమని చప్పుడైంది. చూస్తే ముక్కు దగ్గర వెంట్రుకంత నెర్రె. మేనేజరుగారు హెడ్డాఫీసులో ఉన్నాడు. ఫోన్ చేస్తే కంగారుపడి మా ఆయనతో మాట్లాడాడు. ఎండకు పగలకుండా ఏం చెయ్యాలో మీ పద్ధతిలో చెయ్యండి, బాధ్యత మీదే అన్నాడు. మా ఆయన అలాగేనండి అన్నాడు. డ్రైవరు దాన్ని గోనెపట్టాలో చుట్టి, ఆఫీసు బండిలో మా ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు.

మా పద్ధతి చెప్పాలి. దోనె ఖాళీగా ఎండలో ఉంటే నెర్రెలిస్తుంది. అందుకని వాడకం లేని రోజుల్లో దాని నిండా బురదమట్టి వేసి నీళ్ళ అడుగున ఉంచుతాం. కర్ర నాని నెర్రెలు పూడుకుపోతాయి. అయితే ముంచాం అని మా లంకలో ఎవరూ అనరు. పడవను గురించి ఆ మాట నోట రాకూడదని మా నమ్మకం. పడుకోబెట్టాం అంటాం. కావలసినప్పుడు మట్టి తీసి లేపుతాం. పుట్టిన దగ్గర నుంచీ వింటున్న మాట కాబట్టి ఇంకోలా కూడా వినపడుతుందని మాకు తోచదు.

ఆయన ఇంటి వెనక బోదె కాలవలో ఓడను పడుకోబెట్టాడు. అట్టమేడల మీద బరువు పడకుండా మట్టిని కింద సందుల్లోంచి చేత్తో కూరాడు, అంత జాగ్రత్త. ఊళ్ళో సగంమంది చూశారు. నవ్విన వాళ్ళు లేరు. తప్పని ఒక్కరికి అనిపించినా ఎవరో ఒకరు నవ్వేవారు, మా వాళ్ళు అంత మంచివాళ్ళేం కాదు.

మర్నాడు మేనేజరుగారి ఫోను. స్పీకరు పెట్టి మాట్లాడించాను.

"తాతగారూ, బొమ్మ ఎలా ఉంది?"

"బాగుందండి. పడుకోబెట్టేనండి."

"అదే మంచిది. నిలబెడితే మళ్ళీ ఎవరైనా తగులుతారు. చల్లగా ఉందా అక్కడ?"

"చల్లగానండీ? మా బాగా చల్లగా ఉందండి."

"కదపకండి. వాళ్ళు వచ్చే ముందు చెప్తాను."

"అలాగేనండి."

పార్టీ వస్తున్న రోజు పొద్దున మేనేజరుగారు కొత్త చొక్కాలో ఉన్నాడు. నన్ను పిలిచి, "మామ్మగారూ, మధ్యాహ్నానికి వచ్చేస్తున్నారట. డ్రైవరుతో వెళ్ళి బొమ్మ తెచ్చేయండి" అన్నాడు. బండిలో వెళ్ళాం. మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు.

"అప్పుడే వచ్చేత్తన్నారా? ఉండండి, లేపుతాను" అన్నాడు.

"ఎవర్ని లేపుతాడు మామ్మగారూ?" అన్నాడు డ్రైవరు.

"ఓడని."

డ్రైవరు నవ్వాడు. మా ఆయన పంచె ఎగ్గట్టి బోదెలోకి దిగడం చూసి నవ్వు ఆపేశాడు.

ఆయన లోపలికి వంగి మట్టి తోడుతున్నాడు. ముందుగా ఒక వెండి కాగితం కిటికీ తేలింది. దాని వెనక ఇంకోటి. తర్వాత తెల్లమేడ ఒకటి విడివడి నీళ్ళ మీద పక్కకు తిరిగింది. ఆయన దాన్ని పట్టుకుంటే నానిన అప్పడంలా వేళ్ళ మధ్య జారిపోయింది. వాటిని ఏరి ఏరి తువ్వాల్లో వేసుకున్నాడు. చివరికి అడుగుభాగం పైకి తీశాడు. నల్లగా, నున్నగా ఉంది. ముక్కు దగ్గర నెర్రె వెతికినా కనపడలేదు.

"వానలో పెట్టినా ఏం కాదన్నాడే" అన్నాడు నా వంక చూసి.

నేను వద్దంటున్నా దాన్ని బండెక్కించాడు, తనూ ఎక్కాడు. దారి పొడుగునా తువ్వాలు మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసు మెట్ల దగ్గర మేనేజరుగారు ఎదురొచ్చాడు.

"తాతగారూ, ఏమిటిది?"

"ఓడండి. నెర్రె పూడిపోయిందండి, చూడండి."

"పడుకోబెట్టానన్నారు కదా!"

"పడుకోబెట్టేనండి."

"నీళ్ళలోనా?"

"మరెక్కడండి?"

మేనేజరుగారు మెట్టు మీద కూర్చుండిపోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నేను ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. కాసేపటికి లేచి, "దాన్ని లోపలికి తేవద్దు" అని డ్రైవరుతో చెప్పి వెళ్ళిపోయాడు.

పార్టీ వాళ్ళు వచ్చారు. నేనే కాఫీలు అందించాను. ఒకాయన ఖాళీ అద్దాల పెట్టె చూసి ఇంగ్లీషులో ఏదో అడిగితే మిగతావాళ్ళు నవ్వారు. మేనేజరుగారు కూడా నవ్వాడు, చెమట తుడుచుకుంటూ. వాళ్ళు గోడ మీద తెర చూశారు, కాగితాలు చూశారు, వెళ్ళిపోయారు. ఓడ వాళ్ళు కొనలేదు. బొమ్మ లేక కొనలేదో, వేరే కారణమో నాకు తెలియదు. హెడ్డాఫీసుకు మాత్రం కారణం దొరికింది.

తర్వాత మేనేజరుగారు నాతో ఒంటరిగా అన్నాడు. "నేనూ సరిగ్గా అడగలేదు మామ్మగారూ. కానీ ఆ సంగతి పైవాళ్ళకు నేను చెప్పుకోలేను. తాతగారికి ఇంక పని ఇవ్వమంటే నా ఉద్యోగం పోతుంది." అబద్ధం చెప్పలేదు, అందుకు ఆయన మీద నాకు కోపం లేదు. మిగతా రెండు ఓడలూ ప్లాస్టిక్‌వి ఎక్కడి నుంచో వచ్చాయి, ఈసారి విరగకుండా వచ్చాయి. వాటినీ నేనే తుడిచాను. మనుషులెక్కేది కూడా తర్వాత వచ్చింది.

మా ఆయనతో నేను మొహమాటపడలేదు. "తప్పు నీదే మావా. అట్ట అని కళ్ళకి కనపడతానే ఉందిగా" అన్నాను.

"అట్టని తెలుసే."

"తెలిసి నీళ్ళలో ఎట్టా పెట్టావు?"

"ఓడ కదా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. బొమ్మ అనుకుని ఉంటే గోనెపట్టా తడిపి కప్పి ఊరుకునేవాడు. గదిలో పెట్టి తలుపు వేసేవాడు. ఓడ అనుకున్నాడు కాబట్టి ఓడకు చెయ్యాల్సింది చేశాడు. అంతమంది ఉన్న కంపెనీలో దాన్ని ఓడ అనుకున్నవాడు ఆయనొక్కడే. ఈ మాట ఎవరికైనా చెబితే మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అంటారు. అనుకోనీ.

కోలుకుంటాడని చూశాను. పాక పీకేశాడు. చేపల చెరువులో మేత పనికి కుదిరాడు. ఫైబరు పడవలో తిరుగుతూ కర్రలకు వేలాడే సంచుల్లో మేత నింపాలి. ఎవరైనా ఏదైనా చెబితే "ఊఁ" అంటాడు. అవునన్నట్టో కాదన్నట్టో తెలియదు. పక్కింటామె ఎంత కవ్వించినా తిరిగి ఒక్క మాట లేదు. చివరికి ఆమే భయపడి, "ఏంటక్కా, బావ ఇట్టా అయిపోయాడు?" అంది.

మొన్న చలికాలం పక్క లంక నుంచి ఒకతను వచ్చాడు. వాళ్ళ నాన్నకు ఫైబరు పడవలో కాళ్ళు నిలవట్లేదట, జారిపోతుందట, దోనె కావాలట. గట్టు మీద వాళ్ళదే మంచి తాడి ఉంది. వాకిట్లో కుర్చీ వేసి, టీ పెట్టి, మా ఆయన్ని నేనే చెరువు నుంచి పిలుచుకొచ్చాను.

ఇద్దరూ కలిసి చెట్టు చూడటానికి వెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను. మా ఆయన చెట్టు చుట్టూ తిరిగాడు. మొదలు మీద అరచెయ్యి వేసి ఉంచాడు. చాలాసేపు ఉంచాడు.

"బాగుంది చెట్టు" అన్నాడు.

"అయితే ఎప్పుడు మొదలెడదాం బాబాయ్?"

"దూలాలకి కోయించుకో."

"అదేంటి బాబాయ్, దోనెకే కదా పిలిచింది?"

"ఫైబరుది కొను. అడుగున గోనె పరుచుకోమను మీ నాన్నని, కాళ్ళు జారవు."

తిరిగొస్తుంటే దారిలో ఆపి అడిగాను. "చేతి మీద నమ్మకం పోయిందా మావా?"

"చేతికేమయ్యింది? బాగానే ఉంది."

"మరి?"

"నేనొకటంటే ఎదటోడికి ఇంకోటి వినపడతందే. రేపు వాడు దోనె అంటే అది దోనే అనుకుని చేత్తాను. వాడి మనసులో ఏముందో."

"వాడు మనవాడు. వాళ్ళ నాన్నకి నువ్వు చేసిన దోనెలోనే పెరిగి పెద్దోడయ్యాడు."

"ఊఁ" అన్నాడు.

ఆ తర్వాత వాళ్ళు నిజంగానే చెట్టు కొట్టించారు. రంపం మిషను మోత మా చెరువు గట్టు దాకా వినపడింది. ఆ రోజు నాకు సెలవు, అన్నం పట్టుకెళ్ళాను. ఆయన పడవలోనే ఉన్నాడు. మోత ఆగినప్పుడు ఒకసారి తలెత్తి అటు చూశాడు. మళ్ళీ మొదలైంది. వంగి, పక్క కర్రకున్న సంచి మూతి విప్పి, మేత పోశాడు.